ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి ధాన్యం తీసుకెళ్లడానికి వేరే లైసెన్సు కావాలా? ఎంత బరువు వేయవచ్చు?

సొంత పంటను తీసుకెళ్లే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించినంత మాత్రాన వేరే లైసెన్సు అక్కరలేదు. అయితే ఎంత బరువు వేయవచ్చునన్నది లైసెన్సు కాక, ట్రాలీ రిజిస్ట్రేషను పత్రం (ఆర్‌సీ) నిర్ణయిస్తుంది.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టరు తేలికపాటి వాహనమే, కాబట్టి తేలికపాటి వాహనాల (ఎల్‌ఎంవీ) లైసెన్సు సరిపోతుంది. ట్రాక్టరు నడిపే అర్హత ఉన్నవారు ట్రాలీ తగిలించినందువల్ల ఆ అర్హతను కోల్పోరని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది.

బరువు లెక్క వేరు. చట్టం దృష్టిలో ట్రాలీ కూడా ఒక వాహనమే కనుక దానికి విడిగా రిజిస్ట్రేషను ఉంటుంది, ఆ ఆర్‌సీలో ఖాళీ బరువు, సరుకుతో కలిపిన గరిష్ఠ బరువు రాసి ఉంటాయి. ఉదాహరణకు నర్సంపేట దగ్గరి రైతు ట్రాలీకి ఆ అంకెలు 1,500, 5,000 కిలోలు అనుకుంటే, వేయదగిన సరుకు 3,500 కిలోలు, అంటే 40 కిలోల ధాన్యం బస్తాలు 87 మాత్రమే. ట్రాక్టరు తయారీదారు చెప్పిన లాగుడు పరిమితి ట్రాలీ గరిష్ఠ బరువు కంటే తక్కువైతే, దానినే పాటించాలి. ఇంజను లాగగలిగినా బ్రేకులు ఆపలేకపోవచ్చు.

చాలామంది 7,500 కిలోలను సరుకు పరిమితిగా భావిస్తారు. అది లైసెన్సు తరగతిని తేల్చే ట్రాక్టరు ఖాళీ బరువు మాత్రమే, ట్రాలీలోని బస్తాలతో దానికి సంబంధం లేదు. వ్యవసాయానికి రిజిస్టరైన ట్రాక్టరుతో ఇసుక, ఇటుకలు కిరాయికి తోలితే పర్మిటు, బీమా నిబంధనలు మారిపోతాయి.