70-200 కొన్న మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సోనీ 70-200 జీఎం జూమ్ లెన్స్, రెండో వెర్షన్ కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. పర్లాకిమిడిలో ముహూర్తాలు మొదలయ్యేలోపు అది నీ చేతికి అలవాటు కావాలి. బుకింగ్ ఉన్న రోజున కొత్త లెన్స్ డబ్బా విప్పకు.

ముందు పట్టుకోవడం నేర్చుకో. లెన్స్ ఒక్కటే 1,045 గ్రాములు. ఎడమ అరచెయ్యి లెన్స్ కింద పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించు. బరువంతా ఎడమచేతిదే, కుడిచేతికి షట్టర్ పని మాత్రం. ట్రైపాడ్ మీదైతే కెమెరా అడుగున కాదు, లెన్స్ కాలర్ (లెన్స్ చుట్టూ ఉండే పట్టీ) దగ్గరే బిగించు. జూమ్ చేసినా ఈ లెన్స్ పొడవు మారదు కాబట్టి బరువు ముందుకు వాలదు.

ఇక అసలు సంగతి. జూమ్ అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాక్కోవడమే అనుకుని నేను చాలా ఏళ్లు నిలబడ్డ చోటే నిలబడి రింగు తిప్పాను. ఆ ఫొటోల్లో పెళ్లికూతురు బాగానే ఉండేది. ఆమె వెనకాల పెడస్టల్ ఫ్యాను, ప్లాస్టిక్ కుర్చీలు, వీడియో లైటు వైరు కూడా ఉండేవి. జూమ్ రింగు మీది మిల్లీమీటర్ల నంబరు 70 దగ్గర ఉంటే మనిషి వెనక చాలా వెడల్పు పడుతుంది. అదే వెనక్కి నడిచి 200 పెడితే అమ్మాయి ఫ్రేములో అంతే సైజులో ఉంటుంది, వెనకాల మాత్రం పూలదండల్లో ఒక చిన్న ముక్కే మిగులుతుంది. అందుకని వెనకాల ఏముండాలో ముందు అనుకో. దానికి తగ్గ నంబరు పెట్టు. తర్వాత నడువు.

ఇంట్లోనే చేసి చూడు. మీ అమ్మను తులసికోట ముందు కూర్చోబెట్టి, 70లో రెండు మీటర్ల నుంచి ఒకటి తియ్యి. దాదాపు మూడు రెట్లు దూరం వెళ్లి, 200లో, ముఖం అంతే సైజు వచ్చేలా ఇంకొకటి తియ్యి. వెనక గోడ ఏమైందో, ముక్కు ఎలా మారిందో పక్కపక్కన పెట్టుకుని చూడు.

అపర్చర్, అంటే వెలుతురు వచ్చే కన్నం, 2.8 దాకా తెరుచుకుంటుంది కదా అని ఎప్పుడూ 2.8లోనే ఉండకు. నంబరు పెరిగితే కన్నం చిన్నదవుతుంది. 200 దగ్గర, మూడు మీటర్ల దూరంలో, 2.8లో షార్ప్‌గా వచ్చేది సుమారు నాలుగు సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా ఉంటే చెవి జుంకీ చెదిరిపోతుంది. జీలకర్ర బెల్లం సమయంలో ఇద్దరి ముఖాలూ ఒకే దూరంలో ఉండవు. కాస్త వెనక్కి జరిగి 5.6 పెట్టుకో. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరుగుతుందని టెన్షన్ పడకు. గ్రెయిన్ ఉన్న ఫొటోను ఆల్బమ్‌లో పెట్టొచ్చు, చెదిరిన ఫొటోను పెట్టలేం.

ఐ ఏఎఫ్, అంటే కంటిని వెతికి పట్టుకునే ఆటో ఫోకస్, మంచిదే కానీ మండపంలో పురోహితుడు తల తిప్పగానే ఆయన కంటి మీదికి దూకేస్తుంది. ఫోకస్ ఏరియా చిన్నది చేసుకో. లెన్స్‌లో కుదుపు తగ్గించే ఓఎస్ఎస్ నీ చేతి వణుకునే ఆపుతుంది, గాల్లో ఎగిరే తలంబ్రాలను ఆపదు. వాటికి షట్టర్ వేగం 1/500 సెకను అయినా కావాలి. ఎల్ఈడీ లైట్ల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫొటోలో అడ్డచారలు పడతాయి. మెకానికల్ షట్టర్ పెట్టి, యాంటీ ఫ్లికర్ ఆన్ చేసి, ముహూర్తానికి ముందే నాలుగు ఫొటోలు తీసి చూసుకో.

ఒక శనివారం రాత్రికి ఇక్కడికి వచ్చెయ్. తెల్లవారుజామున భేట్నోయి పొలాలకు వెళ్దాం. అక్కడ కృష్ణజింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి. అవి పొలంలో అడుగుపెడితే వానలు పడతాయని ఊళ్లోవాళ్ల నమ్మకం, కంటికి రెప్పలా కాపాడుకుంటారు. వాటి వెంట పడి తరమకూడదు, గట్టు మీద కూర్చుని ఎదురుచూడాలి. ఫోకస్ వెతికే దూరాన్ని కట్టడి చేసే ఫోకస్ లిమిటర్‌ను మూడు మీటర్ల నుంచి అనంతం వైపు పెట్టుకుంటే ముందున్న గడ్డి దగ్గర ఫోకస్ తడుముకోదు. జింక పరిగెత్తేటప్పుడు దానితో పాటు కెమెరాను పక్కకి తిప్పుతూ పాన్ చేస్తే ఓఎస్ఎస్ మోడ్ 2 పెట్టు. ఎండ ముదిరితే నేల మీది వేడిగాలి అల్లాడి, ఎంత మంచి లెన్స్‌లోనైనా బొమ్మ మెత్తగానే వస్తుంది. 200 చాలదనిపిస్తే లెన్స్‌కీ కెమెరాకీ మధ్య 1.4 కన్వర్టర్ వేస్తే 280 అవుతుంది, 2.8 మాత్రం 4 అవుతుంది.

గోపాల్‌పూర్ బీచ్‌లో లెన్స్ మార్చకు. మిర్రర్‌లెస్‌లో సెన్సర్‌కి ముందు అద్దం అడ్డు ఉండదు, ఇసుక నేరుగా దాని మీదే పడుతుంది.

మన తీరంలో లెన్స్‌కి అన్నిటికంటే పెద్ద శత్రువు చెమ్మ. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు. నా పాత జూమ్‌ను తోలు కేసులోనే బీరువాలో ఉంచేశాను. నెల తర్వాత తీసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు దారాల్లా తెల్లగా ఫంగస్. బాగు చేయించినా అది మళ్లీ మునుపటిలా కాలేదు. తోలు చెమ్మ పీల్చుకుంటుందని అప్పటికి నాకు తెలియదు. నువ్వు మాత్రం గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు ఈ వారమే కొను. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. సిలికా గింజల రంగు మారితే పెనం మీద సన్నని సెగకు ఆరబెట్టి మళ్లీ వెయ్యి. ఏసీ కారులోంచి దిగగానే బ్యాగు తెరవకు, అరగంట ఆగు.

వచ్చేటప్పుడు లెన్స్ బ్యాగు బస్సు పైన సామాన్లలో పెట్టకు, ఒళ్లోనే ఉంచుకో. తులసికోట దగ్గర తీసిన ఆ రెండు ఫొటోలూ కార్డులోంచి చెరిపెయ్యకుండా తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య