గోల్కొండ మీద నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన నాలుగు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను కాబట్టి మార్జిన్ల నిండా గీతలుంటాయి. టెన్షన్ పడకు. నీ వాక్యంలో ఊపు ఉంది. వానకు తడిసిన మందుగుండు, బురదలో దిగబడిన ఫిరంగి బండి ఇంకా నా కళ్ళ ముందే ఉన్నాయి. ఆ ఊపు చూసే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

చిన్న సవరణలు ముందు చెప్పేస్తాను. ప్రధాని మాదన్న కచేరీలో గుమస్తాల చేత చాయ్ తాగించావు. 1680 నాటి గోల్కొండ గుమస్తాకి చాయ్ ఎక్కడిది? మజ్జిగ ఇవ్వు, చాలు. తానీషాని ఒకచోట నిజాం అన్నావు. ఆయన చివరి కుతుబ్‌షాహీ సుల్తాను. నిజాముల వంశం మొదలైంది 1724లో, అంటే తానీషా పోయిన పాతికేళ్ళకి.

ఇక అసలు సంగతి. నీ నవల మొదటి పేజీలోనే కోట దిడ్డి తలుపు తెరుచుకుంటుంది. మొగలు సైన్యం లోపలికి వస్తుంది. అక్కడి నుంచి నూట డెబ్బై ఏళ్ళు వెనక్కి వెళ్ళి, ప్రతి పాత్రనూ ఆ తలుపు దగ్గరికే నడిపిస్తున్నావు. అందుకే ఆ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ నీ నవలలో సింహాసనం ఎక్కుతున్నప్పుడే ఓడిపోయినవాడిలా ఉన్నాడు. ముగింపు తెలిసింది నీకు, తమ్ముడూ, వాళ్ళకి కాదు. ఇది నీ ఒక్కడి పొరపాటు కాదు. నేను రాసిన మొదటి చారిత్రక కథలో ఆ రాత్రి తలుపు తెరిచినవాడి గురించి తొమ్మిది పేజీలు రాశాను. ఎనిమిది నెలలు కోటను నిలబెట్టినవాళ్ళకి అర పేజీ ఇచ్చాను. ఆ అర పేజీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

మొదలు సంగతి చూద్దాం. 1518లో సుల్తాన్ కులీ స్వాతంత్ర్యం ప్రకటించాడని రాసి, నగారాలు మోగించావు. పాఠ్యపుస్తకాల్లో ఆ ఏడాదే ఉంటుంది, నిజమే. కానీ గోల్కొండలో బాలాహిస్సార్ దర్వాజా దగ్గర ఆయన కట్టించిన జామీ మసీదు ఉంది. అదే 1518 నాటి శాసనం దాని మీద ఉంది. అందులో ప్రభువుగా ఉన్న పేరు బహమనీ సుల్తాను మహమూద్‌షాది. హమదాన్ నుంచి దక్కనుకు వచ్చి, బహమనీల కొలువులో తెలంగాణ తరఫ్‌దారు, అంటే రాష్ట్రపాలకుడి దాకా ఎదిగిన మనిషి, పాత ప్రభువు పేరు రాతి మీద చెక్కిస్తూనే సొంత రాజ్యం కట్టుకుంటున్నాడు. నీ నగారాల కన్నా ఈ మౌనంలో ఎక్కువ కథ ఉందనిపించడం లేదా? ఆ మసీదు ముందు ఒక గంట కూర్చో. 1543లో ఆయన హత్యకు గురయ్యింది ప్రార్థనలో ఉండగా. వెనక ఉన్నది కొడుకు జంషీద్.

తర్వాత ఇబ్రహీం. ఈయన్ని నువ్వు రెండు పేజీల్లో దాటేశావు. నా మనసు అక్కడే ఆగిపోయింది. అన్న జంషీద్‌కి భయపడి పారిపోయి, విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నాడు. తెలుగు ఆ ఏడేళ్ళలో ఆయన చెవుల్లో పడుతూనే ఉండి ఉంటుంది. 1550లో గద్దె ఎక్కాక తెలుగు కవులను ఆదరించాడు. మనవాళ్ళు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కి పొన్నెగంటి తెలగన్న యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం అది. సంస్కృత పదం లేని తెలుగు కావ్యాన్ని అందుకున్నవాడు ఒక ముస్లిం సర్దారు. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తానులతో కలిసి, తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికి యుద్ధానికి వెళ్ళాడు. ముందు రోజు రాత్రి డేరాలో ఆయన ఏమనుకున్నాడో ఏ చరిత్రకారుడూ చెప్పలేడు. నవలాకారుడికి మిగిలిన చోటు అదే. నువ్వు అక్కడ ఒక్క వాక్యంతో సరిపెట్టావు.

మహమ్మద్ కులీ అధ్యాయం బాగుంది, తక్కువే చెబుతాను. భాగమతి కథ నిజమో కాదో చరిత్రకారులు తేల్చుకోలేదు కాబట్టి జనం నోటి కథగానే ఉంచు. 1591లో హైదరాబాద్ పునాది, చార్మినార్ చాలు. ఆయన దక్కనీ ఉర్దూలో వానల మీద, వసంతం మీద రాసిన కవితలు చదివి ఆ గొంతు పట్టుకో.

పతనాన్ని కూడా తలుపు దగ్గర మొదలుపెట్టకు. కాగితం దగ్గర మొదలుపెట్టు. 1636లో షాజహాన్‌కి లొంగి అబ్దుల్లా కుతుబ్‌షా ఒక ఒప్పందం రాసిచ్చాడు. ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం. శుక్రవారం నమాజు ముందు చదివే ఖుత్బాలో ఇరాన్ షా పేరు తీసేసి మొగలు పాదుషా పేరు చదవాలి. మర్నాడు శుక్రవారం అనుకో, మసీదులో ఆ కొత్త పేరు మొదటిసారి విన్న ఒక మామూలు మనిషి ముఖం రాసి చూపించు. కోట పడడానికి ఇంకా యాభై ఏళ్ళుంది. మచిలీపట్నం రేవులో ఓడలు కిటకిటలాడుతున్నాయి, కొల్లూరు గనుల్లో వజ్రాలు దొరుకుతూనే ఉన్నాయి. అంత సంపద ఉన్న ఇంటి మీద ఢిల్లీ కన్ను ఎందుకు పడిందో వేరే చెప్పాలా?

అక్కన్న మాదన్నల దగ్గర నీ కలం తడబడింది. వాళ్ళని ఒకచోట దేవుళ్ళని చేశావు, మరోచోట పతనానికి కారణం వాళ్ళే అన్నావు. మాదన్న కింది గుమస్తా పని నుంచి ప్రధాని దాకా వచ్చినవాడు. లెక్క తెలిసినవాడు. గుత్తలకిచ్చిన పన్నుల్లో ఎవరు ఎంత తింటున్నారో ఆయనకి తెలుసు కాబట్టి శత్రువులు పెరిగారు. ఔరంగజేబుకి ఇద్దరు బ్రాహ్మణుల చేతుల్లో అధికారం ఉండడం నచ్చలేదు, గోల్కొండ మరాఠాలకు డబ్బు సాయం చెయ్యడం అసలే నచ్చలేదు. 1686 మార్చిలో అన్నదమ్ములిద్దరినీ చంపించింది మాత్రం కోటలోపలి కుట్రే. దయచేసి దీన్ని రెండు మతాల యుద్ధంగా రాయకు. ముట్టడించినవాడూ ముట్టడిలో ఉన్నవాడూ ఇద్దరూ ముస్లిములే. రామదాసు కథ తెలుసుగా. ఖైదులో పెట్టించింది తానీషాయే, రామలక్ష్మణుల దర్శనం దొరికిందీ తానీషాకే అని మన ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది చరిత్ర కాదు. కానీ జనం ఆయన్ని ఎక్కడ పెట్టుకున్నారో అందులో ఉంది, దాన్ని పారేయకు.

1687 ముట్టడిలో మొగలులు పడిన పాట్లు కూడా రాయి. వాళ్ళు సొరంగాల్లో పెట్టిన మందుపాతర వాళ్ళ మీదికే పేలింది. వానలు, కరువు, రోగాలు వాళ్ళనీ చంపాయి. ఆ నెలల్లో లోపలివాళ్ళు ఆశతోనే ఉన్నారు. కోటలోని సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తిని తలుపు తీశాడు, నిజమే. అదే రాత్రి గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్ళంతా గాయాలతో పడిపోయేదాకా కత్తి తిప్పాడు. అతన్ని ఔరంగజేబే వైద్యులను పంపించి బతికించాడు. నీ డ్రాఫ్టులో లారీ పేరే లేదు!

తానీషాని పట్టుకోవడానికి వచ్చినవాళ్ళని ఆయన భోజనానికి కూర్చోమన్నాడని మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఆ సన్నివేశంలో నువ్వు ఆయన చేత మూడు పేజీల ఉపన్యాసం ఇప్పించావు. కొట్టెయ్. ఆయన్ని తిననివ్వు. గిన్నెల చప్పుడు వినిపించు.

కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఆయన లేడు. దౌలతాబాదు కోటలో ఖైదీగా ఉండి 1699లో పోయాడు. సమాధి ఖుల్దాబాదులో ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత ఔరంగజేబుని కూడా ఆ ఊళ్ళోనే పూడ్చారు. చివరి అధ్యాయం ముట్టుకోకుండా ముందు అక్కడికి వెళ్ళిరా. ఈలోగా ఇబ్రహీం డేరా రాత్రి మళ్ళీ రాసి పంపు, ఎంత పొడుగైనా చదువుతాను.

ప్రేమతో,
నీ అన్న