ఆటోలో అన్నీ కలిసిపోతుంటే మేం వేరు చేయడం దేనికి?

ప్రశ్న: ఎడిటర్ గారూ, మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2015లో ఇచ్చిన పచ్చ డబ్బాలో తడి చెత్త, నీలం డబ్బాలో పొడి చెత్త ఇప్పటికీ వేరుగానే వేస్తున్నాను. తీరా చెత్త ఆటో వచ్చాక రెండూ ఒకే కుప్పలో పడతాయి. సిటీ బాగుపడుతోందని పేపర్లో చదివితే ఒళ్లు మండుతోంది. ఇక మానేయనా?
– ఒక గృహిణి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: మానేయకండమ్మా. మీ కోపం న్యాయమే, కానీ సిటీ ఏమీ చేయలేదనడం సరికాదు. జవహర్‌నగర్‌లో ఉన్న సిటీ డంపింగ్ యార్డులో ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త గుట్టను మట్టితో, షీట్లతో కప్పేశారు, 2020 నుంచి అక్కడే చెత్తను కాల్చి కరెంటు తీస్తున్నారు. ఇవి పెద్ద పనులే. అయితే సాంబారు, నీళ్లు కారే కూరగాయల తొక్కలు కలిసిన చెత్త సరిగ్గా మండదు, అది కుళ్లి ఊరే నల్లటి నీళ్లే కదా పక్కనున్న మల్కారం చెరువును పాడు చేశాయి! యంత్రాలు ఎన్ని తెచ్చినా ఈ కలపడం ఆగకపోతే లాభం లేదని నా గట్టి నమ్మకం.

ఇండోర్ చూడండి. అక్కడ చెత్త బండిలోనే తడికి, పొడికి వేర్వేరు అరలున్నాయి, కలిపి ఇస్తే తీసుకోరు. అందుకే 2022లో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు పెట్టగలిగారు, ఆ గ్యాస్‌తో సిటీ బస్సులు నడుస్తున్నాయి.

మీ ఆటోకి పక్కన వేలాడే గోనె సంచులు గమనించారా? అట్టలు, సీసాలు, పాల ప్యాకెట్లు ఆటోవాళ్లు ఏరి అందులో వేసి అమ్ముకుంటారు, వాళ్లకి నాలుగు డబ్బులు వచ్చేది అక్కడే. పచ్చిరొయ్యల పొట్టులో, పిల్లల డైపర్ల మధ్యలో ఉత్త చేతులు పెట్టి వాళ్లు ఏరుతుంటే చూడలేం. కాబట్టి నీలం డబ్బాను ఆటోలో గుమ్మరించనివ్వకండి. పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, పొడి చెత్తంతా ఒక సంచిలో కట్టి నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలి, ఇది 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనల నుంచే ఉంది.

తడి చెత్త సంగతి అసోసియేషన్ మీటింగులో ఎత్తండి. సెల్లార్ పక్కన కాస్త జాగా ఉంటే రెండు కంపోస్టు డ్రమ్ములు పెట్టించండి, ఎండుటాకులో కొబ్బరి పీచో పొరలుగా వేస్తుంటే వాసన రాదు. 40 ఇళ్లూ ఒకేసారి కదలవు, ముందు మీ ఫ్లోర్ వాళ్లతో మొదలుపెట్టండి.