బంటికి గింజలతో పాటు నీళ్లూ కావాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మిర్యాలగూడ. మా మగపిల్లి బంటికి నాలుగేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఆరున్నర కిలోలున్నాడు. పొద్దున్నే గిన్నె నిండా డ్రై ఫుడ్ (ప్యాకెట్‌లో వచ్చే పొడి గింజలు) పోస్తే రాత్రి దాకా తింటూనే ఉంటాడు. ఎండలు ముదిరినప్పటి నుంచి లిట్టర్ డబ్బాలో (మలమూత్రాల కోసం మట్టి పోసి పెట్టే డబ్బా) మూత్రానికి మట్టి కట్టే ఉండలు చిన్నవైపోయాయి. టెన్షన్‌గా ఉంది. డ్రై ఫుడ్ మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తిండి సంగతి తర్వాత. ముందు రేపే బంటిని డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. మాటిమాటికీ డబ్బాలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఓ మే నెలలో దేవరకొండ వైపు నుంచి ఒక గండుపిల్లిని నా దగ్గరికి తెచ్చారు. మలబద్ధకం అనుకుని రెండు రోజులు ఆముదం పట్టించారట. బతికించలేకపోయాను. ఆ పిల్లి ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది.

పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవిపిల్లులు. వాటికి నీరు ఎక్కువగా తిన్న ఎలుకలోంచే అందేది. ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీరే. అందుకే పిల్లికి దాహం అంతగా వేయదు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. డ్రై ఫుడ్‌లో నీరు సుమారు 10 శాతమే. అంటే 60 గ్రాముల గింజలు తింటే అందేది ఓ చిన్న చెంచాడు. మిగతాది తాగాలి, సరిపడా తాగదు. మూత్రం చిక్కబడి రాళ్లకు దారితీస్తుంది.

అలాగని డ్రై ఫుడ్ విషం కాదు. పెరుగన్నంతో బతికే పిల్లి కంటే మంచి ప్యాకెట్ తినే పిల్లే నయం. పిల్లి గుండెకూ కళ్లకూ టారిన్ అనే పోషకం కావాలి, అది అన్నంలో ఉండదు. నాకు కోపమల్లా ఆ నిండు గిన్నె మీదే. రోజంతా తింటూ ఉంటే లావెక్కుతుంది, ఇంట్లోనే తిరిగే పిల్లికి ఆ బరువు షుగర్ తెచ్చిపెట్టొచ్చు. డాక్టరు చెప్పిన కొలతే తూచి రెండు పూటలా పెట్టండి.

సాయంత్రం ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడి ముక్కలు కాసిని, ఆ గోరువెచ్చని నీళ్లతో సహా గింజల్లో కలపండి. ఈ ఎండల్లో తడిసిన తిండి గంటకు మించి ఉంచొద్దు. తిండికి దూరంగా మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టండి. ఈ మార్పులన్నీ పది రోజుల్లో మెల్లగా చేయండి. మొండికేసి రోజంతా ఏమీ తినకపోతే పస్తు పెట్టొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లావు పిల్లి పస్తుంటే కాలేయం దెబ్బతింటుంది. పరీక్షలో ఏం తేలిందో తప్పకుండా రాయండి.