డాక్టర్ గారిని అడగండి: రోడ్డు వచ్చేలోపు నెలలు ఆగవు కదా

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను పాడేరు ఏజెన్సీలో ఒక పంచాయతీకి సర్పంచ్‌ని, మొదటిసారి గెలిచాను. మాకు నాలుగు గూడేలకి రోడ్డు లేదు, నెలలు నిండినోళ్లని డోలీ కట్టి మోసుకురావాల్సి వస్తోంది, ఆ వీడియో వాట్సాప్‌లో తిరుగుద్ది, ఆఫీసర్లు వస్తారు, చూస్తారు, వెళ్తారు. రోడ్డు నా చేతిలో లేదు. మరి నా చేతిలో ఏముంది?

జవాబు: రోడ్డు కోసం అర్జీలు పెట్టడం మాత్రం ఆపకండమ్మా. ఈలోపు ఒక పని చేయండి, మీ ఆశా కార్యకర్త దగ్గర కూర్చుని ఈ మూడు నెలల్లో ఏ గూడెంలో ఎవరికి కాన్పు ఉందో తేదీలు రాసుకోండి. పాము కరిచినోడికి డోలీ కట్టారంటే సరే, అది చెప్పి రాదు, కానీ కాన్పు తేదీ నెలల ముందే రిజిస్టర్లో ఉంటుంది కదా, అయినా నొప్పులొచ్చాకే పరుగులు పెడతాం.

పది పదిహేను రోజుల ముందే ఆ అమ్మాయిని కిందకి దింపగలిగితే చాలావరకు డోలీ అవసరమే రాదు. సాలూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లు గిరిజన గర్భిణులకి వసతి గృహం పెట్టింది ఇందుకే, తిండి, చెకప్పులు అన్నీ అక్కడే. మీ దగ్గర్లో అలాంటిది ఉందేమో ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసర్ (పీవో) గారిని అడగండి, లేదంటే గ్రామసభలో తీర్మానం చేసి మరీ అడగండి.

అయితే అసలు చిక్కు వేరే. రమ్మంటే రారు. పెద్దపిల్లకి నాలుగేళ్లు, ఎవరు చూస్తారు? మేకల్ని ఎవరు తోలతారు, పోడు కోతకొచ్చింది, అత్త వద్దంది, ముహూర్తాలు చూసే దిశారి మంచిరోజు కాదన్నాడు. వీటిలో ఒక్కదానికీ నా దగ్గర మందు లేదు. నేను పీహెచ్‌సీలో చేసిన రోజుల్లో "చదువు లేదు, అందుకే రారు" అని తిట్టేవాణ్ణి, ఆవిడ లెక్క ఆవిడకుందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది నాకు. ఆ పిల్లని ఎవరింట్లో ఉంచాలో, మేకలు ఎవరికి అప్పజెప్పాలో తేల్చగలిగేది మీరే, దిశారితో మాట్లాడాల్సింది కూడా మీరే. ఆయన్ని వెక్కిరించొద్దు, కిందకి వెళ్లడానికి మంచిరోజు ఆయన్నే పెట్టమనండి.

ఇంకోటి, టీకాల రోజు సంత రోజున పడుతోందా చూడండి. సంత రోజు గూడెంలో ఎవరుంటారు? ఏఎన్ఎం కొండెక్కి వచ్చి ఉత్త చేతుల్తో దిగిపోతుంది, రిజిస్టర్లో పిల్లలు రాలేదని రాస్తారు. తేదీ మార్చమని మెడికల్ ఆఫీసర్‌ని అడగండి, పైసా ఖర్చు లేని పని.

హిమోగ్లోబిన్ మాట కూడా వదలకండి. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం, అలాంటావిడ పేరు లిస్టులో పైన ఉండాలి. సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) పరీక్ష కూడా అడగండి, 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకి చేస్తున్నారు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచిత చెకప్ ఉంటుంది, మీరే ఆటో మాట్లాడి నలుగురిని కలిపి పంపండి. డబ్బంటారా, గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషకాహార కమిటీకి ఏడాదికి 10,000 దాకా ఇవ్వాలని రూల్ ఉంది, పెద్ద మొత్తం కాదు, కానీ మీ కమిటీ అకౌంట్లో ఎంతుందో, చివరిసారి దేనికి తీశారో పాస్‌బుక్ తెప్పించి చూడండి.

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి దగ్గర. మా యువజన సంఘం తరఫున కిడ్నీ క్యాంపు పెడదామనుకుంటున్నాం, మంచిదేనా?

జవాబు: పెట్టండి తమ్ముడూ, కానీ ఒక్క రోజు క్యాంపు పెట్టి ఫ్లెక్సీతో ఫొటో దిగి వదిలేసేటట్టయితే వద్దు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువొచ్చిన వాళ్లకి మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేస్తేనే అది దీర్ఘకాలిక జబ్బా కాదా తేలుతుంది, కాబట్టి రెండో క్యాంపు తేదీ ముందే వేసుకుని, వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు జాగ్రత్తగా దాచండి. ఈలోపు ఊళ్లో మెడికల్ షాపు వాళ్లతోనూ ఆర్‌ఎంపీతోనూ కూర్చుని మాట్లాడండి, ఒళ్లునొప్పులని కొబ్బరితోటల్లో పనికెళ్లేవాళ్లు రోజూ మింగే పెయిన్ కిల్లర్లు కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, ఈ సంగతి మీరు వీధిలో చెప్తే వింటారు, నేను పేపర్లో రాస్తే వినరు.