ధర్నా అయిపోయిన మర్నాటి గురించి రాయి

అమ్మాయీ,

కథ అందింది. రాత్రికి రాత్రి గుడిసెలు వేయడం, తెల్లారేసరికి పోలీసులు, ముసలమ్మ ఏడుపు. చదివించావు. కానీ గొడవపడుతున్న ఆ భూమి ఏ రకందో కథలో ఎవరూ చెప్పరు. గుడిసె వేసిన మనిషికి సర్వే నంబర్ కంఠతా వస్తుంది. రాసేదానివి, నీకు రాకపోతే ఎలా?

మన నెల్లూరు, ప్రకాశంలో పోరంబోకు వేరు, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ పట్టా వేరు, పేదల ఉమ్మడి సేద్యపు సహకార సంఘాలకిచ్చిన సీజేఎఫ్ఎస్ భూమి వేరు. చుక్కల భూముల సంగతి తెలుసా? పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. కల్పన ఇంతకన్నా ఏం చేస్తుంది చెప్పు!

ఇక నీ భూస్వామి. మీసం మెలేయడం తప్ప పనేమీ లేదు వాడికి, పాత సినిమాల్లోంచి దిగాడు. కూతురి పెళ్లికి అప్పిచ్చి, తెల్ల కాగితం మీద అగ్రిమెంటు రాయించుకుని, పట్టా పాస్‌బుక్ బీరువాలో పెట్టుకునేవాడు నవ్వుతూ మాట్లాడతాడు, టీ కూడా తెప్పిస్తాడు. 1977 చట్టం ప్రకారం, ఇచ్చి ఇరవై ఏళ్లు నిండని అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. అది అప్పిచ్చినవాడికీ, పట్టా ఉన్నవాడికీ ఇద్దరికీ తెలుసు. అయినా పొలం దున్నేది అప్పిచ్చినవాడే. కథ అక్కడుంది.

గౌరవం అన్న మాట నాలుగుసార్లు వాడావు. చీరాల దగ్గర కారంచేడు ఊరి గురించి పెద్దవాళ్లను అడుగు. 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపాక, మిగిలినవాళ్లు చీరాల చేరారు. మళ్లీ ఆ ఊరికి పోము అన్నారు. పోకపోతే అక్కడి కూలీ పోతుంది, ఇల్లు పోతుంది. అయినా పోలేదు. చీరాలలో విజయనగర్ కాలనీ అలా వచ్చింది. వాళ్లు గౌరవం అన్న మాట ఒక్కసారైనా అనుండకపోవచ్చు.

సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లు. అర్జీలు రాసిపెట్టేవాళ్ల పక్కన కూర్చో. ఆ రోజు కూలీ మానుకుని ఎవరొచ్చారు, బస్సు చార్జీ ఎవరిచ్చారు, పిల్లల్ని ఎవరికి అప్పజెప్పారు, రసీదు ఎక్కడ దాచుకున్నారు, అన్నీ చూడు. నోట్‌బుక్ బయటికి తీయకు, నిన్ను కూడా ఆఫీసు మనిషి అనుకుని దండం పెడతారు.

తిరగరాశాక టైప్ చేసి పంపు. నీ చేతిరాతతో నా కళ్లు పోయేలా ఉన్నాయి.

మీ మాస్టారు
కావలి