స్నేహితుడి ట్రిప్పు ఖర్చుకూ నా పేరు మీదే లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి నెలకు 56,000 వస్తుంది. గది అద్దె, తిండి 19,000. గుంటూరులో అమ్మానాన్నలకు పంపేది 12,000. బండి ఈఎంఐ 4,800, ఇంకా ఏడు నెలలుంది. పెట్రోలు, ఫోను వగైరా 6,000. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే డబ్బు) 3,000. బ్యాంకులో 60,000 ఉంది, ఏప్రిల్‌లో మరో 60,000 బోనస్ వస్తుంది. దసరా సెలవులు కలుపుకుని నేనూ నా స్నేహితుడూ 16 రోజులు మొరాకోలో బ్యాక్‌ప్యాకింగ్ చేద్దామనుకుంటున్నాం. కాసాబ్లాంకాలో దిగి ఫెస్, మెర్జూగా ఎడారి, మరాకెష్ చూసి, చివర్లో టూబ్‌కాల్ శిఖరం ఎక్కుతాం. మనిషికి 1,80,000 అవుతుంది. వాడి సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సరిగా కట్టాడో చూపే మార్కు) బాగాలేదు కాబట్టి ఇద్దరికీ కలిపి నా పేరు మీదే 3 లక్షల పర్సనల్ లోన్ (16 శాతం వడ్డీ, మూడేళ్లు) తీసుకుని, మిగతా 60,000 నా అకౌంట్లోంచి వేస్తాను. ఈఎంఐలో సగం వాడు ఇస్తాడు. యాప్‌లో ప్రీ-అప్రూవ్డ్ అని చూపిస్తోంది. 1.2 లక్షల లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఉంది కదా, ట్రావెల్ ఇన్సూరెన్స్ దండగ అనుకుంటున్నాం. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదు. ఆ యాప్‌లో బటన్ నొక్కకండి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి. ఒక్కోసారి మొరాకో బదులు బాలి, ఒక్కోసారి స్నేహితుడి బదులు బావమరిది. తప్పు మాత్రం అదే. అందుకే మీ లెక్క అందరి ముందూ పెట్టి మాట్లాడుతున్నాను.

ముందు మీ స్నేహితుడి సంగతి. బ్యాంకులు ఆయనకు అప్పు ఇవ్వడం లేదు. పాత బాకీలు ఎలా కట్టారో చూసి తీసుకున్న నిర్ణయం అది. ఆ రిస్కు వద్దని బ్యాంకు పక్కన పెట్టింది, మీరు తీసి నెత్తిన పెట్టుకుంటున్నారు. ఆయన మంచివారే కావచ్చు, కానీ కాగితం మీద ఉండేది మీ సంతకం ఒక్కటే. 3 లక్షలకు ఈఎంఐ దాదాపు 10,550. మూడేళ్లలో వడ్డీయే 80 వేల దాకా పోతుంది. ఖర్చులన్నీ పోగా మీకు నెలకు మిగిలేది 11,200. ఆయన ఒక్క నెల సగం ఇవ్వకపోతే మీ చేతిలో ఉండేది 650 రూపాయలు. రెండు నెలలు ఇవ్వకపోతే ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడతారు. నాలుగో నెలకు డబ్బూ ఉండదు, స్నేహమూ ఉండదు. ఇంత ప్రమాదం ఉన్న అప్పును ఒక విహారయాత్ర కోసం చేయడం ఏమిటండీ?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్యాంకులో ఉన్న 60,000 ను మీరు ట్రిప్పు డబ్బు అంటున్నారు. నా లెక్కలో అది మీ అత్యవసర నిధి, అదీ చాలీచాలనిది. సిప్ తీసేస్తే మీ నెల ఖర్చు 41,800. అంటే ఉద్యోగం పోతే ఆ డబ్బు నెలన్నర కూడా రాదు. కనీసం నాలుగు నెలల ఖర్చు, వీలైతే ఆరు నెలలది పక్కన ఉండాలి. మీరేమో ఉన్న కాస్తా సున్నా చేసి, పైన మూడేళ్ల ఈఎంఐ తగిలించుకుని, ఇంటికి ఎనిమిది వేల కిలోమీటర్లకు పైగా దూరం వెళ్తానంటున్నారు. మీరు మెర్జూగా ఇసుక దిబ్బల దగ్గర ఉండగా అమ్మకు ఒంట్లో బాగాలేదని గుంటూరు నుంచి ఫోన్ వస్తే? ఎడారి నుంచి కాసాబ్లాంకా చేరడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. అప్పటికప్పుడు టికెట్ మార్చాలి. ఇటు ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టాలి. ఆ రోజు ఎవరిని అడుగుతారు?

క్రెడిట్ కార్డు ఉందిగా అన్నారు. కార్డు లిమిట్ మీ డబ్బు కాదు, నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీకి వచ్చే అప్పు. ఏటీఎంలో నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, ఫీజు వేరు, విదేశీ కరెన్సీలో వాడినందుకు వేసే ఫారెక్స్ మార్కప్ వేరు. పైగా మీరు వెళ్లే చోట కార్డుతో పని తక్కువ. మరాకెష్ దాటి దక్షిణానికి రైలు లేదు. షేర్ టాక్సీలు, ఎడారి క్యాంపులు, ఇమ్లిల్ లాంటి కొండ ఊళ్లలో గదులు దాదాపు అన్నీ నగదు మీదే నడుస్తాయి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. 2019లో నేనూ ఒక స్నేహితుడితో ఫెస్ వెళ్లాను. పాతబస్తీ సందులు రెండు చేతులు చాపితే గోడలు తగిలేంత ఇరుకు. తోళ్లు పదును చేసే చోటు చూసి వస్తున్నాం, వాసన తట్టుకోవడానికి ఇచ్చిన పుదీనా కొమ్మ ఇంకా చేతిలోనే ఉంది. వెనక నుంచి 'బాలక్! బాలక్!' అని కేక. జరగండి అని అర్థం. పచ్చి తోళ్లు వేసుకున్న కంచరగాడిద మా మీదికే వస్తోంది. నా స్నేహితుడు పక్కకు జరగబోయి తడి రాయి మీద జారి పడ్డాడు. మణికట్టు విరిగింది. పాతబస్తీ బయట, ఫెస్ కొత్త నగరంలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్తే, ఎక్స్‌రే తీయకముందే కౌంటర్లో 4,000 దిర్హామ్‌లు డిపాజిట్ కట్టమన్నారు. దిర్హామ్ అంటే మన లెక్కన తొమ్మిది, పది రూపాయలు. ఏటీఎం ఒకసారికి 2,000 మించి ఇవ్వలేదు. రెండుసార్లు తీసి కట్టాను. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే, ఇలాంటి బిల్లు ముందు మీరే కట్టండి, రసీదులు పంపితే ఇస్తాం అన్నారు. ఇచ్చారు కూడా, మేం ఇంటికొచ్చిన ఐదు వారాలకు. ఆ సాయంత్రం నా అకౌంట్లో డబ్బు లేకపోతే వాడు విరిగిన చేత్తో ఆ బెంచీ మీదే కూర్చుని ఉండేవాడు. పాలసీ ఉన్నా సరే, ముందు చేతి డబ్బు కావాలని నేను ఇంతగా చెప్పేది అందుకే.

అలాగని పాలసీ వద్దని కాదు, అది లేకుండా విమానం ఎక్కొద్దు. మీ వయసుకు, 16 రోజులకు ప్రీమియం రెండు వేల లోపే. చేయి విరిగితే సొంత డబ్బుతో గట్టెక్కొచ్చు. ఆపరేషన్, ఐసీయూ, ఇండియాకు తరలింపు అంటే లక్షల్లో మాట. ఆఫీసు వాళ్లిచ్చే గ్రూప్ పాలసీ సాధారణంగా దేశం దాటితే పనిచేయదు. ట్రావెల్ పాలసీ ఇక్కడ బయల్దేరక ముందే తీసుకోవాలి. టూబ్‌కాల్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఎత్తు 4,167 మీటర్లు, ఉత్తర ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన శిఖరం. గైడ్ లేకుండా పైకి పంపరు, ఆ ఖర్చు మీ అంచనాలో ఉందో లేదో చూసుకోండి. చాలా పాలసీల్లో ఇంత ఎత్తు ట్రెక్కింగ్‌కు కవరేజీ ఉండదు, లేదా విడిగా యాడ్-ఆన్ తీసుకోవాలి. ఏజెంటు నోటిమాట నమ్మకుండా ఈమెయిల్‌లో రాయించుకోండి. ట్రెక్ మొదలయ్యే ఇమ్లిల్ నుంచి శిఖరం దాకా రోడ్డు లేదు. సామాను మోసేది కంచరగాడిదలే, కాలు విరిగినవాణ్ని కిందికి దించాలన్నా మొదట దొరికేది అవే.

మరి ట్రిప్పు మానుకోవాలా? అక్కర్లేదు. ఈ దసరా వదిలేసి వచ్చే దసరాకు వెళ్లండి. బండి ఈఎంఐ అయ్యేదాకా ఏడు నెలలు 11,200 చొప్పున దాస్తే 78,400. ఏప్రిల్ బోనస్ 60,000. ఆ తర్వాత ఆరు నెలలు 16,000 చొప్పున 96,000. ఇప్పుడున్న 60,000 కలిపితే దాదాపు 2,94,000. టికెట్లు ముందుగా కొని, హాస్టళ్లలో ఉంటూ, రైళ్లు, బస్సుల్లో తిరిగితే మనిషికి 1,30,000 లో సర్దుకోవచ్చు. తిరిగొచ్చాక కూడా 1,64,000 ఉంటుంది, బండి ఈఎంఐ తీరిపోయింది కాబట్టి అది నాలుగు నెలల పైచిలుకు ఖర్చు. సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైతే పొదుపు ఖాతాలోంచే తీసుకోగల డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టండి. సిప్ ఆపొద్దు. బంగారం తాకట్టు పెట్టడం, పీఎఫ్ తీయడం లాంటి ఆలోచనలుంటే అవీ వద్దు.

ఒక చిన్న విషయం. మొరాకో కరెన్సీ ఆ దేశంలోనే మార్చుకోవాలి. ఇక్కడి నుంచి యూరోలో, డాలర్లో తీసుకెళ్లి, తిరిగొచ్చేముందు మిగిలిన దిర్హామ్‌లు అక్కడే మార్చేసుకోండి.

ఈ రాత్రే మీ స్నేహితుడికి ఫోన్ చేయండి. 'లోన్ తీసుకోవడం లేదురా, వచ్చే దసరాకు వెళ్దాం, నీ వాటా నువ్వే దాచుకో' అని చెప్పండి. ముందు ఆ పాత బాకీలు తీర్చుకోమనండి. ఏడాదిలో ఆయన దాచలేకపోతే, ఈఎంఐలో సగం మూడేళ్లపాటు మీకు ఇవ్వగలిగేవారు కారని అప్పటికి మీకే తెలిసిపోతుంది.